రాణి వచ్చిన చర్చి సరే, మిగతా ఆదివారాల సంగతేంటి?

మచ్చ బొల్లారం పక్కనే, బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి ఉంది. 1847లో కట్టారు. దీని గురించి ఎవర్ని అడిగినా ముందు రాణుల కథే చెప్తారు. కట్టడానికి విక్టోరియా రాణి సొంత డబ్బు ఇచ్చారంటారు. 1983 నవంబర్ 20న, తన 36వ పెళ్లిరోజు నాడు, రెండో ఎలిజబెత్ రాణి ఇక్కడ ఆరాధనకు వచ్చారు.

బాగుంది. కానీ రాణి వచ్చింది ఒక్క రోజే కదా! మిగతా ఆదివారాలు ఎవరివి?

మొదట్లో ఇది కంటోన్మెంట్‌లోని బ్రిటిష్ అధికారులు, సైనికుల కోసం కట్టిన ఆంగ్లికన్ చర్చి. 1947లో దొరల పాలన పోయింది. అదే ఏడాది సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్ఐగా ఏర్పడ్డాయి. ఇప్పుడు ఈ చర్చి సీఎస్ఐ మెదక్ డయాసిస్‌లో ఉంది.

కట్టించినవాళ్లు వెళ్లిపోయినా చర్చి మూతపడలేదు. ఇక్కడి కుటుంబాలు వస్తూనే ఉన్నాయి, అందుకే నిలబడింది.

అయితే ఒక తేడా చూడండి. దొరల పేర్లు సమాధి రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. మామూలు విశ్వాసుల పేర్లు ఏ చర్చిలోనైనా ఎక్కువగా ఉండేది బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లలోనే. ఆ కాగితానికి చెదలు పడితే పేరు కూడా పోతుంది.

అందుకే మీది ఏ సంఘమైనా సరే, పాస్టర్ గారి పర్మిషన్ తీసుకుని పాత రిజిస్టర్లు స్కాన్ చేయించండి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఉంటే వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. రాణి కథ ఎలాగూ నిలుస్తుంది. వీళ్ల కథ మనం రాసుకుంటేనే ఉంటుంది.