పాత కోటు... రాగి నాణెం... ఓ చిన్న రగ్గు!

చిరిగిన ఉన్ని కోటును ఏం చేస్తాం? పారేస్తాం. లేదంటే ఎవరికైనా ఇచ్చేస్తాం. రెండు వందల ఏళ్ల క్రితం అమెరికా పల్లెల్లోని ఇల్లాళ్లు ఆ రెండూ చేయలేదు. దాన్ని గుండ్రటి బిళ్లలుగా కత్తిరించారు. ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టూ కుట్టేశారు. ఆ అతుకుల పేరే ‘పెన్నీ రగ్గు’. ఇవాళ అవి మ్యూజియాల్లో ఉన్నాయి. సూదీదారం అంటే సరదా ఉన్నవాళ్లు ఇళ్లలో ఇప్పటికీ కుడుతూనే ఉన్నారు. ఓ ఆదివారం మధ్యాహ్నం తీరిక దొరికితే మొదలుపెట్టడానికి మనకూ వీలైన పనే!

పేరు రగ్గే కానీ దీన్ని నేలమీద పరిచింది తక్కువే. అప్పట్లో రగ్గు అంటే కప్పేది అని అర్థం. మంచం మీదో, బల్ల మీదో, చలిమంట గూటి పైనున్న అరమీదో వేసేవారు. మరి పెన్నీ ఎందుకొచ్చింది? బిళ్లలు కత్తిరించాలంటే కొలత కావాలి కదా. ఇంట్లో స్కేళ్లూ వృత్తలేఖినులూ ఉండవు. చేతిలో ఉన్నది నాణెం! 1793 నుంచి 1857 వరకూ అమెరికాలో ముద్రించిన రాగి సెంటు ఇప్పటి సెంటుకన్నా చాలా పెద్దది. అడ్డంగా కొలిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు. అంటే మన పది రూపాయల బిళ్లకన్నా (27 మిల్లీమీటర్లు) వెంట్రుకవాసి పెద్ద. దాన్ని గుడ్డమీద పెట్టి చుట్టూ గీస్తే చాలు, బిళ్ల తయారు. ఇంకాస్త పెద్ద బిళ్ల కావాలంటే ఏ గిన్నె మూతో, కప్పో! అంతర్యుద్ధం (1861-65) తర్వాతి దశాబ్దాల్లో వీటిని మరీ ఎక్కువగా కుట్టారు.

వంకరే అందం

ఇలాంటి పనిని అక్కడ ‘ప్రిమిటివ్’ శైలి అంటారు. ఆదిమమని అర్థమే అయినా ఇక్కడ దాని భావం వేరు. ఎవరి దగ్గరా నేర్చుకోని చేయి చేసిన పని అని. గొర్రె, కాకి, గుమ్మడికాయ, నక్షత్రం, చిన్న ఇల్లు... కళ్లముందు కనిపించినవే బొమ్మలు. ఇంటికన్నా కోడి పెద్దగా ఉన్నా, నక్షత్రానికి ఒక కొమ్ము పొట్టిదైనా ఎవరూ పట్టించుకోలేదు. రంగులూ అంతే. బొగ్గు నలుపు, ఆవపొడి పసుపు, ఇటుక ఎరుపు, మాసిన నీలం. ఎంచుకున్న రంగులు కావవి, ఇంట్లో చిరిగిన బట్టలకున్న రంగులు!

ఒడిశాలోని పిప్లి గొడుగులూ, లాంతరు బుట్టలూ చూసినవారికి యాప్లిక్ పని కొత్తేం కాదు. ఒక గుడ్డమీద ఇంకో గుడ్డ ముక్కను అతికి కుట్టడమే యాప్లిక్. కాకపోతే నూలు గుడ్డతో ఓ తంటా ఉంది. కత్తిరించిన అంచు నుంచి దారాలు ఊడొస్తాయి. అందుకే అంచు లోపలికి మడిచి కుట్టాలి. చిన్న గుండ్రటి బిళ్లకు అంచు మడవడం ఎంత కష్టమో కుట్టినవాళ్లకే తెలుసు. ఉన్నితో ఆ బాధ లేదు. ఉన్ని పోగుపైన కంటికి కనిపించనంత సన్నని పొలుసులుంటాయి. వేడినీళ్లు, సబ్బు, బాగా రుద్దడం... ఈ మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటాయి. గుడ్డ ముడుచుకుని దళసరి అవుతుంది. తర్వాత ఎలా కత్తిరించినా దారం ఊడదు. పొరపాటున వేడినీళ్లలో ఉతికిన స్వెటర్ పిల్లాడి స్వెటరంత అయిపోవడానికి కారణం ఇదే. అక్కడ నష్టం, ఇక్కడ లాభం!

గోనెసంచి బంధం

కొన్ని రగ్గులకు అడుగున వేసిన గుడ్డ ఏంటో తెలుసా? దాణా వచ్చిన గోనెసంచి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అమెరికా పల్లెలకు గోనెసంచులు చేరాయి. ఆ జనపనార పండింది మన బెంగాల్ పొలాల్లో. మొదట స్కాట్లాండ్‌లోని డండీ మిల్లుల్లో నేశారు. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో మనదేశపు తొలి జనపనార మిల్లు మొదలైంది. ఖాళీ అయిన ఆ సంచిని విప్పి, ఉతికి, అడుగుగుడ్డగా వాడుకున్నారు. సంచి గుడ్డ రంధ్రాల్లోంచి ఉన్ని పేలికలను కొక్కెంతో పైకి లాగి ‘హుక్డ్ రగ్గు’ అనే మరో రకాన్నీ అల్లారు.

ఆ రగ్గుతోనే ఓ వ్యాపారమూ పుట్టింది. మెయిన్ రాష్ట్రంలోని బిడ్డిఫోర్డ్‌లో ఎడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్ ఊరూరా తిరిగి రేకు సామాన్లు అమ్మేవాడు. భార్య రగ్గు అల్లడం చూసి, 1868లో రేకు అచ్చులు తయారుచేసి గోనెగుడ్డ మీద బొమ్మలు ముద్రించి అమ్మడం మొదలుపెట్టాడు. పని సులువైంది. కానీ ఒకే సింహం, ఒకే పూలగుత్తి ఎన్నో ఇళ్లలో కనిపించడమూ అప్పుడే మొదలైంది. ఇవాళ ముక్కలు కత్తిరించి, బొమ్మ గీసి, దారంతో సహా పెట్టెలో పెట్టి అమ్మే కిట్లకు అది తాతలాంటిది!

కుట్టి చూస్తారా...

అసలు ఉన్నేనా?: మన దగ్గర దొరికే స్వెటర్లలో చాలావరకు యాక్రిలిక్. అది ఎంత రుద్దినా బిగుసుకోదు. చిన్న పోగు తీసి పళ్లెంలో పెట్టి జాగ్రత్తగా కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా మారితే యాక్రిలిక్. ‘సూపర్‌వాష్’ అని రాసున్న ఉన్ని కూడా పనికిరాదు. కుంచించుకుపోకుండా దాన్ని ముందే శుద్ధి చేస్తారు. పాత ఉన్ని కోటు, సూటు, శాలువా మంచి సరుకు.

బిగించడం: కోటుకు లైనింగ్, గుండీలు తీసి కుట్లు విప్పండి. ముక్కలను దిండుగలీబులో వేసి మూతి కట్టి, వేడినీళ్లతో సబ్బు వేసి వాషింగ్ మెషీన్లో తిప్పండి. గలీబు లేకపోతే రాలే నూగు మెషీన్‌కు అడ్డం పడుతుంది. చేత్తో అయితే పావుగంటైనా రుద్దాలి. ఎరుపు, నీలం విడివిడిగా... రంగు దిగొచ్చు. ఆరాక అంచు లాగి చూడండి. దారం ఊడుతుంటే ఇంకోసారి.

కత్తిరించడం: మొదటిసారికి బల్లమీద వేసే చిన్న రగ్గు చాలు. అడుగుకు 20 సెంటీమీటర్ల గుండ్రటి ముక్క ఒకటి. బిళ్లలు మూడు సైజులు... 5 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్లు, పది రూపాయల నాణెమంత. ఒక్కో సైజులో ఏడు, మొత్తం 21. పెద్ద సైజులు రెండింటినీ అట్టమీద గీసి కత్తిరించుకుంటే అవే అచ్చులు.

కుట్టడం: కాజా కుట్టు తెలుసుగా? దాన్నే ఎడంఎడంగా వేస్తే ‘బ్లాంకెట్ స్టిచ్’. లోతు మూడు నాలుగు మిల్లీమీటర్లు, కుట్టుకూ కుట్టుకూ మధ్య దూరమూ అంతే. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు లేదా మూడు పోగులు తీసుకోండి. ముందు చిన్న బిళ్లను మధ్య బిళ్ల మీద, ఆ రెంటినీ పెద్ద బిళ్ల మీద కుట్టాలి. అడుగుగుడ్డ మీదకు వెళ్లేది ఆఖర్న. ఈ వరుస తప్పితే అన్ని పొరల్లోంచీ సూది లాగలేక వేళ్లు నొప్పెడతాయి. ఏడు దొంతరల్లో ఒకటి మధ్యలో, ఆరు చుట్టూ.

ముగింపు: వెనకవైపు నూలు గుడ్డ వేసి అంచు కుట్టేయండి. తడిగుడ్డ పరిచి దానిమీదే ఇస్త్రీ చేయాలి. తర్వాత నీళ్లలో నానబెట్టొద్దు, దుమ్ము దులిపితే చాలు. చిమ్మటకు ఉన్నంటే ప్రాణం. అప్పుడప్పుడూ గాలికి ఆరేసి, దాచేటప్పుడు ఎండు వేపాకులు వేయండి.

పాతగా కనిపించాలని కొందరు టీ డికాషన్‌లో ముంచుతుంటారు. ఆ రంగులోని టానిన్లు కాలం గడిచేకొద్దీ గుడ్డను బలహీనపరుస్తాయి. పదికాలాలు ఉండాలనుకుంటే ఆ పని చేయకపోవడమే మేలు.

మన బొంత, మన గొంగడి

ఇంత చదివాక మన బొంత గుర్తొచ్చి ఉంటుంది. చిరిగిన నేత చీరలు, పాత పంచెలు పొరలుగా వేసి కుట్టిన బొంత లేని ఇల్లు ఒకప్పుడు ఉండేదా! అక్కడ చలి, అందుకే ఉన్ని కోటు. ఇక్కడ ఉక్క, అందుకే నూలు చీర. సరుకు వేరైనా అవసరం ఒక్కటే. ఏ గుడ్డనూ పారేసే స్తోమత లేకపోవడం!

ఉన్నీ మనకు కొత్త కాదు. దక్కనీ గొర్రెల నల్లటి ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించే గొంగడి అసలైన ఉన్ని. ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం’ అన్న సామెత దాని ముతకదనం గురించే. బిళ్లలకు బిరుసే కానీ పెన్నీ రగ్గుకు అడుగుగుడ్డగా చక్కగా సరిపోతుంది. చిన్న ముక్కను వేడినీళ్లలో ఉతికి ఎంత ముడుచుకుంటుందో చూసుకుని మొదలుపెట్టాలి. ఏ అటకమీదో తాతగారి గొంగడి చిరిగి ఉంటే దాన్ని మించిన సరుకు బజార్లో దొరకదు.

నిజానికి బజారు సరుకు మీద భరోసా కూడా తగ్గుతోంది. 1830లో మొదలై ఉన్ని దుస్తులకు పేరుమోసిన పెన్సిల్వేనియాలోని వూల్‌రిచ్ మిల్లు 2018లో మూతపడింది. పాత బట్టల విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది. కిట్ కొంటే రగ్గు వస్తుంది, నిజమే. కానీ నాన్న తొడిగిన కోటు అందులో ఉండదు. ఏ బిళ్ల ఏ చలికాలంలో ఎవరి భుజాన్ని కప్పిందో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఆ పాత రగ్గులకూ ఓ లోటుంది. చాలావాటి మీద కుట్టినవారి పేరు లేదు. బల్లమీద వేసుకునే గుడ్డకు పేరెందుకని ఊరుకున్నారు. ఇవాళ మ్యూజియంలో ఆ రగ్గు పక్కన రాయడానికి ఊరు ఉంటుంది, ఇంచుమించుగా ఏడాది ఉంటుంది, మనిషి పేరు మాత్రం ఉండదు. మన బొంతల సంగతీ అంతే. కాబట్టి కుట్టడం పూర్తయ్యాక ఇంకో పది నిమిషాలు వెచ్చించండి. వెనకవైపు నూలు గుడ్డ మీద మూడు ముక్కలు దారంతో రాయండి. కుట్టింది ఎవరు, ఏ ఏడాది, కోటు ఎవరిది. కుట్టు వంకరపోయినా ఫరవాలేదు... పేరు చదవడానికి వస్తే చాలు!