నొప్పి పోయింది సరే... రాయి పోయిందా?

నడుముకు ఓ పక్క ఉన్నట్టుండి మొదలవుతుంది. పొత్తికడుపు మీదుగా గజ్జల్లోకి పాకుతుంది. కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. ఓ ఇంజెక్షన్‌తో తగ్గగానే 'హమ్మయ్య' అనుకుని మరచిపోతాం. కిడ్నీలో రాళ్ల విషయంలో అసలు ప్రమాదం అక్కడే!

ఎండకీ రాయికీ లంకె
లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఈ ఊళ్లున్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. ఎండలో చేనుపని చేసేవాళ్లకు ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గిస్తే, మగ్గం ముందు నీడపట్టున కూర్చునేవాళ్లకూ ముప్పే. మూత్రం చిక్కబడితే అందులోని కాల్షియం, ఆక్సలేట్ లాంటివి గట్టిపడి రాళ్లవుతాయి.

స్కానింగ్ తప్పదు
రాయి మూత్రనాళంలో ఇరుక్కుంటే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతుంది. కొన్నాళ్లకు నొప్పి దానంతటదే తగ్గిపోవచ్చు. అడ్డు మాత్రం అలాగే ఉండి కిడ్నీ మెల్లగా దెబ్బతింటుంది. అందుకే నొప్పి తగ్గినా మూత్రపరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. అవసరమైతే సీటీ స్కాన్ తీస్తారు.

5 మిల్లీమీటర్లలోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పడిందో లేదో మళ్లీ స్కాన్‌తోనే తేల్చుకోవాలి. కొండపిండి ఆకు కషాయం తాగేవాళ్లకూ ఇదే మాట. పడిపోనివాటిని బయటి నుంచి తరంగాలతోనో, మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి లేజర్‌తోనో పొడి చేస్తారు. కిడ్నీలో రాయి 2 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తారు. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో యూరాలజీ వైద్యం ఉచితం.

ఆలస్యం వద్దు
నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, ఒకే కిడ్నీ ఉన్నవాళ్లు నొప్పి రాగానే వైద్యుల్ని కలవాలి.

మళ్లీ రాకుండా...
* రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి. గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో వైద్యుల్ని అడగాలి.
* ఉప్పు, ఊరగాయలు తగ్గించాలి.
* కాల్షియం ఉందని రాగిసంగటి, పాలు మానక్కర్లేదు. తిండిలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేస్తుంది. పాలకూర, వేరుశనగ మాత్రం మితంగా తినాలి.
* నొప్పిమాత్రలు సొంతంగా వాడొద్దు. అవీ కిడ్నీకి చేటే.
* పడిన రాయిని పారేయకుండా వైద్యులకు చూపించాలి. అది ఏ రకమో తెలిస్తే ఏం తినాలో, ఏం మానాలో కచ్చితంగా చెబుతారు.