ముట్లుడిగాక మారే ముప్పు
రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే కారణాలు స్త్రీ జీవితమంతా ఒకే తీరుగా పనిచేయవు. ముట్లుడగక ముందు అధిక బరువు ఉన్నవారిలో ఈ ముప్పు కొంత తక్కువగా కనిపించగా, ముట్లుడిగిన తర్వాత అదే బరువు దాన్ని పెంచుతుంది. అంతమాత్రాన వయసులో ఉన్నప్పుడు లావెక్కడం మేలని కాదు. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తయారీని దాదాపు ఆపివేశాక, కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైము, అంటే రసాయన చర్యను వేగపరిచే ప్రోటీను, అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది గనుక, ఒంట్లో పేరుకున్న కొవ్వే ఆ హార్మోనుకు ముఖ్య వనరవుతుంది. హార్మోన్లను మందుగా తీసుకున్నా ముప్పు పెరగొచ్చు: అమెరికాలో ముట్లుడిగిన 16,608 మందిపై జరిగిన పరీక్షలో ఈస్ట్రోజెన్‌నూ, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోను మందునూ కలిపి వాడినవారికి ఈ క్యాన్సర్ ఎక్కువగా రావడంతో 2002లో దాన్ని అర్ధాంతరంగా ఆపివేశారు. చిన్న వయసులోనే వచ్చే క్యాన్సర్‌లో బీఆర్‌సీఏ1 వంటి వంశపారంపర్య జన్యులోపాల పాత్ర ఎక్కువ. ఆ లోపం తండ్రి నుంచీ సంక్రమిస్తుంది కాబట్టి, తల్లి, పిన్నిలతో పాటు మనం తరచు మరిచిపోయే మేనత్తల ఆరోగ్య చరిత్రనూ వైద్యులకు తప్పక చెప్పాలి.