వాడేవారి మాట

హైదరాబాదులోని బేగంబజారు టోకు వ్యాపారానికి పేరుగాంచింది. అక్కడి పాత్రల దుకాణాల ముందు ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెలు కొక్కేలకు వేలాడుతుంటాయి. ఇరుకు వీధులలో తోపుడుబండ్లు, మూటలు మోసే హమాలీలు ఎడతెగక సాగిపోతుంటారు. చూపులేని వ్యక్తి తెల్లకర్రతో ఆ వీధిలో ప్రవేశించాడనుకుందాం. నేలమీది గుంతనూ రాతినీ కర్ర పసిగడుతుంది. కాని నుదుటి ఎత్తున వేలాడే బిందెను పసిగట్టలేదు. చూపున్నవారికి ఈ లోపం సులభంగా తట్టదు. కర్రతో నడిచి దెబ్బతిన్నవారికే తెలుస్తుంది.

ఇటువంటి చిక్కును తీర్చడానికి ఢిల్లీ ఐ.ఐ.టి. బృందం అంధుల కోసం పనిచేసే 'సక్షమ్' సంస్థతో కలిసి 'స్మార్ట్ కేన్'ను రూపొందించింది. అది 2014లో విడుదలైంది. తెల్లకర్రకు అమర్చే దీని పిడి నుండి అతిధ్వని తరంగాలు వెలువడి, అడ్డంకిని తాకి తిరిగివస్తాయి. మోకాలికి పైన, 3 మీటర్ల లోపల ఏదైనా ఉంటే పిడి అదురుతుంది. శబ్దంతోనే హెచ్చరించవచ్చు కదా అని మనకు తోచవచ్చు. అయితే అంధులకు వీధి తీరును తెలిపేవి చెవులే. వాటిని పరికరం ఆక్రమిస్తే ఉన్న ఆధారమూ పోతుంది! కర్ర పట్టుకొనే తీరు కూడా ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. అందుకు అనువుగా పిడిని మలచారు. చూపులేనివారు నమూనాలను వాడి చూసిన పిదపనే అది తుదిరూపం దాల్చింది.

అంతకు చాలా ముందే హైదరాబాదులో ఇటువంటి ప్రయత్నమొకటి జరిగింది. డా. ఏ.పి.జె. అబ్దుల్ కలాం ఇక్కడి రక్షణ పరిశోధనశాలలో పనిచేస్తున్న రోజులవి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఎముకల శస్త్రవైద్యులొకరు అక్కడికి వచ్చారు. క్షిపణికి వాడే మిశ్రమ పదార్థాన్ని చేతిలోకి తీసుకొని, దాని తేలికదనానికి ఆశ్చర్యపడ్డారు. వెంటనే కలాంను తమ ఆసుపత్రికి తోడ్కొనిపోయారు. అక్కడ చిన్నారులు 3 కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ధరించి, కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. 3 వారాలలో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమయ్యాయి. వాటితో సునాయాసంగా తిరుగుతున్న బిడ్డలను చూసి తల్లిదండ్రుల కళ్లు చెమర్చాయని కలాం తమ ప్రసంగాలలో చెప్పేవారు.

అక్కడ పిల్లల పక్షాన మాట్లాడినది వైద్యులు. బరువు ఎదుటివారి కంటికి కనిపించే బాధ కనుక ఆ మాట సరిపోయింది. అన్ని బాధలూ అలా కనిపించవు. ఫ్రాన్సులో చార్లెస్ బార్బియే అనే చూపున్న వ్యక్తి చేతితో తడిమి చదివే లిపిని కల్పించాడు. అందులో ఒక్కొక్క గుర్తుకు 12 చుక్కల దాకా ఉండేవి. అవి వేలికొనకు ఒకేసారి అందవు. ఈ ఇబ్బంది అంధ విద్యార్థియైన లూయీ బ్రెయిలీ వేలికి తెలుసు. 1824లో, తన పదిహేనవ యేట, అతడు చుక్కలను ఆరుకు కుదించాడు. నేడు తెలుగును కూడా ఆ ఆరు చుక్కలలోనే చదువుతున్నారు.