కీళ్లనొప్పికి సాగెడు పట్టీ



మోకాటినొప్పి మన పల్లెలకు క్రొత్తది కాదు. నిజామాబాదు, బోధను ప్రాంతములలో చెరకు నరికి, వరి నాటి, పసుపు త్రవ్విన కాళ్లు అరువదియేండ్లు దాటునప్పటికి మొరాయించుట అందరెరిగినదే. డిచ్‌పల్లి గుట్టపైనున్న రామాలయపు మెట్లు ఎక్కుటకంటె దిగుటయే అట్టివారికి కష్టము. నేడు మందులంగళ్లలో ఈ నొప్పికై రంగురంగుల సాగెడు పట్టీ యొకటి లభించుచున్నది. అది చేయగలిగినదేమో, చేయజాలనిదేమో విచారింతము.

ఈ పట్టీని 1970ల కాలమున జపాను దేశీయుడగు కెంజో కాసే రూపొందించెను. 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలయందు ఆటగాండ్ర భుజములపై, మోకాళ్లపై కనబడి లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. ఇది సాగెడు నూలుబట్ట. వెనుకవైపున జిగురుపూత యుండును. సాధారణముగా ఇందులో మందేమియు నుండదు.

మరి నొప్పి యెట్లు తగ్గును? దెబ్బ తగిలినచోట అరచేతితో నిమిరినచో కొంత హాయి కలుగును గదా! చర్మముపైని స్పర్శ నొప్పిని కొంత మరుగుపరచును. పట్టీ చేయు పనియు నట్టిదే యని వైద్యుల తలంపు. అరిగిపోయిన మృదులాస్థిని అది తిరిగి పెంచజాలదు. సాగదీయక ఊరక అంటించిన పట్టీతో పోల్చిచూచిన పరీక్షలు పెక్కింటిలో తేడా స్వల్పముగనే కనబడినది. కావున దీనిని చికిత్స యనరాదు, చేయూత యనవలెను.

అంటించు విధమిది. కాలిని కడిగి బాగుగ తుడిచి ఆరనీయవలెను. నూనె మర్దనచేసిన కాలికి పట్టీ అంటదు. తొడ నడుమనుండి మోకాటిచిప్ప క్రిందివరకు చాలునంత ముక్క తీసికొని, క్రిందిసగమును రెండుపాయలుగా చీల్చి, మూలలను గుండ్రముగా కత్తిరింపవలెను. మోకాలు వంచి కూర్చుండి, పైకొనను సాగదీయక తొడపై అంటించి, రెండుపాయలను కొద్దిగా సాగదీసి చిప్పకు ఇరుప్రక్కల నడిపి, కొనలను మరల సాగదీయక అంటింపవలెను. కాలిచుట్టును బిగించి చుట్టరాదు. మూడునాలుగు దినముల పిదప నూనెతో నానబెట్టి మెల్లగా తీయవలెను. దురద, మంట, ఎఱ్ఱదనము కనబడినచో వెంటనే తీసివేయవలెను.

పుండున్నచోట, పలుచబడిన చర్మముపైన దీనిని వాడరాదు. మధుమేహముచే గాని కుష్ఠుచే గాని స్పర్శ తెలియని కాళ్లకు వైద్యుని సెలవు లేక అంటింపరాదు. 1915లో ఇసబెల్ కెర్ దొరసాని, రాజా నర్సాగౌడు ఔదార్యముతో డిచ్‌పల్లిలో కుష్ఠువైద్యశాలను నెలకొల్పెను. అట్టి వైద్యశాల వెలసిన ఊరివారికి, స్పర్శ లేని చర్మము తన గాయమును తానెరుగదని వేరుగా చెప్పనక్కరలేదు.

పట్టీవలన నొప్పి తగ్గినపుడు చేయవలసిన ముఖ్యకార్యము వేరొకటి కలదు. కుర్చీపై కూర్చుండి కాలిని చక్కగా చాచి, ఐదు లెక్కించువరకు నిలిపి, మెల్లగా దింపవలెను. ఇట్లు ఒక్కొక్క కాలికి పదేసి మారులు, ఉదయసాయంకాలములు చేసినచో తొడకండరములు బలపడి మోకాటిభారమును పంచుకొనును. నొప్పికి వెరచి మంచము పట్టినవారి కండరములు మరింత క్షీణించును. వైద్యుని యడుగక నొప్పిబిళ్లలను నెలలతరబడి మ్రింగినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును.

కీలు వాచి వేడెక్కినను, జ్వరము తోడైనను, పిక్క వాచి నొప్పిపెట్టినను, పడినపిదప కాలు మోపలేకున్నను, ప్రతిదినము ఉదయమున చేతివ్రేళ్లు గంటకు మించి బిగుసుకొనియున్నను పట్టీతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను. తక్కినవారు పట్టీ నంటించుకొన్నను, అంటించుకొనకున్నను, దినమున కొంతదూరమైనను నడుచుట మానకుందురు గాక!