సాంఘిక సమస్యల బోధన – శాస్త్ర సమన్వయము
(నెల్లూరు సీమ నిదర్శనములు)

విజ్ఞానమును శాఖలుగా విభజించుట అధ్యయన సౌకర్యమునకై మానవుడు చేసికొనిన ఏర్పాటు. సమస్య మాత్రము అట్లు విభక్తమై మన యెదుటికి రాదు. తాగుబోతు ఇంటి ఆకలి ఏ గంటలో బోధింపవలసిన విషయము? అది అర్థశాస్త్రమా, ఆరోగ్యశాస్త్రమా, పౌరశాస్త్రమా, నీతిపాఠమా? పాఠశాల కాలపట్టికలో దానికి చోటు దొరకదు. విద్యార్థి ఇంట మాత్రము అది ప్రతిదినము ఉండును. ఇట్టి సమస్యను తరగతిలో బోధించునపుడు పలుశాస్త్రములు ఏ విధముగా కలిసి పనిచేయవలెను, అందు తెలుగు ఉపాధ్యాయుని పాలు ఎంత యను ప్రశ్నలను నెల్లూరు సీమలోని రెండు ఉదంతముల ఆధారమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. 1937లో వార్ధాయందు రూపొందిన నయీ తాలీం పథకము ఒక చేతిపని చుట్టును భాషను, గణితమును, ప్రకృతి శాస్త్రమును అల్లి బోధింపవలెనని నిర్దేశించినది. అంతకు పూర్వమే గురజాడ అప్పారావుగారు 1897 నాటి కన్యాశుల్కము తొలి కూర్పునకు వ్రాసిన పీఠికలో, విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల లెక్క 1034 అని ఉదాహరించిరి. నాటకమునకు వెనుక ఒక జాబితా కలదు. హాస్యమున నవ్విన పాఠకుడు ఆ సంఖ్యను చూచిన పిమ్మట మరియొక విధముగా ఆలోచింపక తప్పదు. కావ్యము హృదయమును, గణన బుద్ధిని కదలించును. సాంఘిక సమస్యను బోధించుటకు ఈ రెండును ఆవశ్యకములు.

మొదటి ఉదంతము సారా వ్యతిరేకోద్యమము. 1990వ దశకారంభమున నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము సాగినది. పగలంతయు కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ చదువు కేంద్రములకు వచ్చి అక్షరములు దిద్దిరి. వారి వాచకమున 'సీతమ్మ కథ' యను పాఠము కలదు. భర్త తాగుడువలన ఒక యిల్లాలు పడిన బాధయు, ఊరి స్త్రీలు కూడి సారా అంగడి మూయించుటయు అందలి విషయము. కలిగిరి ప్రాంతమునందలి దూబగుంట స్త్రీలు ఆ పాఠమును చదివి ఊరుకొనలేదు; తమ ఊరిలోనికి సారా రాకుండ అడ్డుకొనిరి. వారిలో రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతట వినబడినది. ఆ సంఘటనయే 'ఆడవాళ్ళు ఏకమైతే' యను మరియొక పాఠముగా ఇతర గ్రామములకు చేరినది. పాఠమునుండి కార్యము, కార్యమునుండి పాఠము పుట్టిన సందర్భములు విద్యాచరిత్రలో అరుదు. 1992లో జిల్లా సారా వేలములు పలుమారులు వాయిదా పడవలసి వచ్చినవి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధము అమలులోనికి వచ్చినది.

ఈ పాఠము ఫలించుటకు కారణమేమి? తాగుడు చెడ్డదని ఆ స్త్రీలకు ఎవరును చెప్పనక్కరలేదు. వారు ఎరుగనిది చెడుగు కాదు, దానికి ఉపాయము. కథ ఒక యింటి కష్టమును ఊరి కష్టముగా చూపినది. ఇది సాహిత్యము చేసిన పని. అక్షరములతోపాటు అంకెలను నేర్చినవారికి దినకూలిలో సారాకు పోవు భాగమును లెక్కించుట సాధ్యమైనది. ఇది గణితపు పని. అంగడికి అనుమతి ఇచ్చునది ఎవరు, అర్జీ ఎవరికి పెట్టవలెను అను ప్రశ్నలు పౌరశాస్త్రమునకు చెందినవి. బ్రెజిలు దేశీయుడైన పౌలో ఫ్రెయిరి 1963లో అంగికోస్ పట్టణమున సుమారు మూడువందల మంది శ్రామికులకు వారి బ్రతుకులోని మాటలతోనే చదువు చెప్పిన పద్ధతి ఇట్టిదే. 'సారా' యను మాట వ్రాయగలిగిన స్త్రీ దానిని గురించి ప్రశ్నింపను గలిగినది.

అయినను ఈ బోధనలో ఒక శాస్త్రము కొరవడినది. ఇంటి ఆదాయవ్యయములు పాఠమునకు వచ్చినవి. ప్రభుత్వపు ఆదాయవ్యయములు రాలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలైనది. 1997లో అది సడలింపబడినది. సారాపై నిషేధము నిలిచినను ఇతర మద్యములు అంగళ్ళకు తిరిగి వచ్చినవి. ఆబ్కారీ రాబడి పోవుటయు, దొంగరవాణా పెరుగుటయు అందులకు ప్రభుత్వము చూపిన కారణములు. ఖజానాకు ధనము ఎచ్చటినుండి వచ్చును, ఒక రాబడి తగ్గినచో దానిని పూరించు మార్గమేది యను ప్రశ్న కూడ ఆ రాత్రిబడులలో చర్చకు వచ్చియుండినచో, ఆ కారణములకు ప్రత్యుత్తరము గ్రామములనుండియే వచ్చుటకు అవకాశముండెడిది. ఒక శాస్త్రము లోపించినచో సమస్యయొక్క ఒక ముఖము కనబడకుండ పోవును.

రెండవ ఉదంతము సముద్రతీరమునకు చెందినది. 1990వ దశకపు తొలి సంవత్సరములలో నెల్లూరు తీరమున టైగరు రొయ్యల సాగు వేగముగా వ్యాపించినది. వరిమళ్ళు కొన్ని రొయ్యల గుంటలైనవి. 1994లో తెల్లమచ్చ తెగులు వ్యాపించి అనేకులను అప్పులలో ముంచినది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథన్ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, పులికాటు, చిలక సరస్సులకు వేయి మీటర్లలోపల వాణిజ్యపు రొయ్యల సాగు కూడదని శాసించినది. పిమ్మట 2005లో పార్లమెంటు చేసిన చట్టము ఈ సాగును నమోదునకు, నియంత్రణమునకు లోబరచి కొనసాగనిచ్చినది. 2009 తరువాత వనామి రొయ్య ప్రవేశించి సాగు మరల విస్తరించినది. ఇచటను నిషేధముతో సమస్య ముగియలేదు.

దీనిని తరగతిలో బోధించుట ఎట్లు? రసాయనశాస్త్రముతో ఆరంభింపవచ్చును. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము ఉండును. త్రాగునీటిలో కరిగియుండదగిన ఘనపదార్థము లీటరునకు అర గ్రాము అని మన దేశపు ప్రమాణము. అనగా ఒక్క లీటరు సముద్రజలము 69 లీటర్ల శుద్ధజలమున కలిసినచో ఆ 70 లీటర్లును హద్దును చేరుకొనును. ఈ చిన్న లెక్క చేసిన విద్యార్థికి, గుంటనుండి నీరు ఊటగా దిగిన యెడల ప్రక్కబావి ఏల ఉప్పనగునో ఎవరును చెప్పనక్కరలేదు. భూగోళశాస్త్రము ఇసుకనేల స్వభావమును, అర్థశాస్త్రము ఎకరా వరికిని ఎకరా గుంటకును కావలసిన కూలీల సంఖ్యలోని భేదమును, న్యాయశాస్త్రము తీర్పునకు చట్టమునకు గల సంబంధమును తెలుపును. బావి ఎప్పటినుండి ఉప్పనైనదో ఊరి వృద్ధులను అడిగి వ్రాసికొనుట చరిత్రపాఠము.

ఇక భాషోపాధ్యాయుని పాలు. తీరగ్రామపు తరగతిలో గుంట యజమాని బిడ్డయు, గుంటకు కావలియుండు యానాది బిడ్డయు, వలవేయు పట్టపువారి బిడ్డయు ఒక్క బల్లపై కూర్చుందురు. ఉపాధ్యాయుడు ముందుగానే తీర్పు చెప్పినచో వారిలో ఒకరు దోషిగాను, మరియొకరు దయాపాత్రముగాను మిగులుదురు. ఇద్దరును నోరు మెదపరు. కావున వాదమును న్యాయముగా నడుపు విద్య కావలెను. ఆ విద్యకు నెల్లూరివాడైన తిక్కన సోమయాజి ఉద్యోగపర్వమును మించిన పాఠ్యగ్రంథము లేదు. రాయబార ఘట్టములలో ప్రతిపక్షమును తన మాటను బలముగా పలుకును. వినువాడు తూచి చూచుకొనవలెను. ఆ ఘట్టములను చదివిన పిమ్మట విద్యార్థులు యజమాని పక్షమును కూలీ బిడ్డయు, కూలీ పక్షమును యజమాని బిడ్డయు వాదించునట్లు చేసినచో, తమది కాని బాధను తమ మాటలలో చెప్పుట ఇరువురికిని అలవడును.

సమన్వయమనగా నలుగురు ఉపాధ్యాయులు ఒకే విషయమును నాలుగుమారులు చెప్పుట కాదు. ఒక ప్రశ్నను ఎదుట నిలిపి, దానికి ఏ శాస్త్రము ఎంతవరకు సమాధానము చెప్పగలదో విద్యార్థియే కనుగొనునట్లు చేయుట. నిషేధము వచ్చినను సడలినను నిలుచునది ఆ కనుగొను శక్తియే. దూబగుంట స్త్రీలకు వాచకము ఇచ్చినది అక్షరములు మాత్రము కాదు. తమ ఊరిని ప్రశ్నించు ధైర్యము. నేటి తీరగ్రామముల పాఠశాలలకు మనము తయారుచేయు పాఠములును ఆ గీటురాతిపైననే నిగ్గు తేలవలెను.