అడవిని కాపాడినందుకు చెల్లింపు: సమత, మానవశ్రేయస్సు

వ్యాససంగ్రహం:
పర్యావరణ పరిరక్షణకు డబ్బు చెల్లించే పథకాల ఫలితాన్ని సాధారణంగా మిగిలిన అడవి విస్తీర్ణంతో కొలుస్తారు. ఆ డబ్బు ఎవరికి చేరింది, నిర్ణయం ఎవరిది, అర్హత ఎవరికి లేకపోయింది అన్న ప్రశ్నలు కూడా ఆ కొలతలో భాగం కావాలని కోస్టారికా అనుభవం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పర్యావరణ సేవలు, చెల్లింపు, సమత, మానవశ్రేయస్సు, గ్రామసభ.

1. ఉపోద్ఘాతం:
ఎగువన అడవి నిలిస్తే దిగువ ప్రాంతాలకు నీటి భద్రత కలుగుతుంది. కాని అడవిని నరకకుండా ఉంచినవారు వదులుకున్న ఆదాయానికి ప్రతిఫలం ఉండదు. ఈ లోపాన్ని సరిచేయడానికి రూపొందినదే ‘పర్యావరణ సేవలకు చెల్లింపు’ విధానం. స్వెన్ వుండర్ 2005లో దీనిని స్వచ్ఛందమైన, షరతులతో కూడిన లావాదేవీగా నిర్వచించారు. సేవ కొనసాగితేనే చెల్లింపు అన్నది అందులోని ప్రధాన షరతు.

2. కోస్టారికా పథకం:
కోస్టారికా 1996 నాటి అటవీ చట్టం నాలుగు సేవలను గుర్తించింది. అవి: హరితగృహ వాయువుల తగ్గింపు, జలసంరక్షణ, జీవవైవిధ్యం, ప్రకృతిసౌందర్యం. 1997లో చెల్లింపులు మొదలయ్యాయి. ఇంధనపన్నులో కొంత భాగం వీటికి ప్రధాన ఆధారమైంది. అదే చట్టం అడవిని ఇతర వినియోగాలకు మార్చడాన్ని నిషేధించింది. కాబట్టి ఈ చెల్లింపును కేవలం స్వచ్ఛంద విక్రయంగా చూడలేము. అది నిషేధం మోపిన భారానికి పరిహారం కూడా.

3. సమతకు మూడు కోణాలు:
పరిశోధకులు సమతను పంపిణీ, ప్రక్రియ, సందర్భం అనే మూడు కోణాల నుండి పరిశీలిస్తారు.

హెక్టారుకు ఇంత అని చెల్లించినప్పుడు ఎక్కువ భూమి ఉన్నవారికి ఎక్కువ డబ్బు చేరుతుంది. ఇది పంపిణీ సమస్య. నియమాలను రూపొందించేటప్పుడు అడవిపై ఆధారపడినవారి మాటకు చోటు లేకపోతే అది ప్రక్రియా లోపం. సందర్భం ఈ రెండింటికన్నా ముందే పనిచేస్తుంది. కోస్టారికాలో తొలిదశలో భూమి హక్కుపత్రం తప్పనిసరి కావడంతో పత్రం లేని చిన్నరైతులు దరఖాస్తు దశలోనే ఆగిపోయారు. సాంకేతిక నివేదికల ఖర్చు కూడా చిన్న కమతాలకే ఎక్కువ భారమైంది.

అనంతరం చిన్న కమతాలకు, వెనుకబడిన ప్రాంతాలకు, ఆదివాసీ భూభాగాలకు ప్రాధాన్యం కల్పించారు. ఆదివాసీ సముదాయాలు తమ అభివృద్ధి సంఘాల ద్వారా ఉమ్మడిగా ఒప్పందం చేసుకునే వీలు కలిగింది. అసమానతకు నియమాల రూపకల్పన కూడా కారణమని, దానిని మార్చవచ్చునని ఈ సవరణలు తెలుపుతున్నాయి.

4. శ్రేయస్సు అంటే ఆదాయమేనా?
2005 నాటి సహస్రాబ్ది పర్యావరణ వ్యవస్థల మదింపు శ్రేయస్సును ఐదు అంశాలుగా వివరించింది. అవి: జీవనానికి కావలసిన వనరులు, ఆరోగ్యం, భద్రత, మంచి సామాజిక సంబంధాలు, ఎంపికకు స్వేచ్ఛ. భూయజమానికి చెల్లింపు అందిన అడవిలోనే భూమి లేని కుటుంబం వంటచెరకును, మేతను కోల్పోవచ్చు. హెక్టార్ల లెక్కలో ఈ నష్టం కనిపించదు.

5. భారతదేశ సందర్భం:
మన దేశంలో అటవీభూమిని ఇతర అవసరాలకు మళ్లించే సంస్థలు పరిహార వనీకరణకు, అడవి నికర ప్రస్తుత విలువకు డబ్బు చెల్లిస్తాయి. 2016 పరిహార వనీకరణ నిధి చట్టం ప్రకారం ఇందులో 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం కేంద్రానికి చెందుతుంది. ఇది వుండర్ నిర్వచించిన లావాదేవీ కాదు. అయినా పై ప్రశ్నలు దీనికీ వర్తిస్తాయి. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభలకు అడవిని కాపాడే అధికారాన్ని ఇచ్చింది. నిధి చట్టం మాత్రం వాటికి ప్రత్యేక వాటాను నిర్దేశించలేదు. అధికారం ఉన్నచోట నిధి లేదు. తెలంగాణలో పోడు భూముల్లో మొక్కలు నాటడంపై తలెత్తిన వివాదాలను కూడా ఈ మూడు కోణాల నుండి అధ్యయనం చేయవలసి ఉంది.

6. ముగింపు:
సమతను పరిరక్షణ తర్వాత చేర్చే అలంకారంగా భావించరాదు. తమకు అన్యాయం జరిగిందని భావించినవారు అడవిని ఎంతకాలం కాపాడతారన్నది సందేహమే. అందువల్ల ఏ పథకాన్నైనా అంచనా వేసేటప్పుడు లబ్ధిదారుల జాబితాతో పాటు, ఆ జాబితాలోకి రాలేకపోయినవారిని కూడా పరిశోధకులు లెక్కలోకి తీసుకోవాలి.